చిట్కాతో సరిపెట్టకండి... కబురు కూడా చెప్పండి!

కడుపులో వికారంగా ఉంటే గుప్పెడు ఓమ నమలడం, విరేచనాలు పట్టుకుంటే పలుచని మజ్జిగలో శొంఠిపొడి కలిపి తాగడం, ఒకపూట వంటకు సెలవిచ్చి కడుపును ఖాళీగా ఉంచడం మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారాలు. 'లంఖణం పరమౌషధం' అన్న మాట ఎరుగని తెలుగు గృహిణి ఉండదు. ఈ అలవాట్లను నేను తప్పు పట్టబోవడం లేదు. తేలికపాటి ఉదర బాధలలో చాలా భాగం వీటితోనే శమిస్తాయి.

అయితే చిట్కాతో బాధ తగ్గగానే సంగతి అంతటితో ముగిసిందని తలచడం సరికాదని నా నిశ్చితాభిప్రాయం. చెడిన ఆహారం తెచ్చిపెట్టే ఆపదకు రెండు ముఖాలున్నాయి. మొదటిది తిన్నవారు పడే బాధ. రెండవది అదే పదార్థాన్ని రేపో, ఎల్లుండో తినబోయే వారికి పొంచి ఉన్న ప్రమాదం. మొదటిదానికి మందు మన పోపుల పెట్టెలో దొరకవచ్చు. రెండవదానికి మందు ఒక్కటే. తెలిసిన సంగతిని తెలియవలసిన వారి చెవిన వేయడం.

చరకసంహితలోని ప్రశ్న

ఈ మాట కొత్తది కాదు. చరకసంహిత విమానస్థానంలో మూడవ అధ్యాయం జనపదాలకు జనపదాలే రోగగ్రస్తమై నశించడాన్ని గురించి చర్చిస్తుంది. పాంచాల దేశంలో, కాంపిల్య నగరం చెంత, గంగాతీరాన ఆత్రేయ పునర్వసువును శిష్యుడైన అగ్నివేశుడు ఒక సందేహం అడుగుతాడు. మనుషుల ప్రకృతులు వేరు, దేహబలం వేరు, ఆహారపు అలవాట్లు వేరు, వయస్సులు వేరు. అట్టి భిన్నమైన జనమంతా ఒకే కాలంలో ఒకే వ్యాధికి ఎట్లా లోనవుతారు? మనుషులు వేరైనా వారందరికీ సమానమైనవి కొన్ని ఉన్నాయని, గాలి, నీరు, దేశం, కాలం అనే ఆ నాలుగూ చెడినప్పుడు అందరూ ఒక్కసారే రోగం పాలవుతారని ఆత్రేయుడు సమాధానమిస్తాడు.

ఈనాటి వైద్యశాస్త్రం సామూహిక వ్యాధుల విషయంలో నేర్పే మొదటి పాఠం కూడా ఇదే. పదిమందికి ఒకేసారి జబ్బు చేసిందా? వారందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో వెతుకు. ఒకే బావి నీరా, ఒకే పెళ్లి విందా, ఒకే దుకాణపు నూనెయా?

అయితే ఆ ఉమ్మడి కారణాన్ని వెతకాలంటే, పదిమందికి జబ్బు చేసిందన్న సంగతి ముందుగా ఎవరో ఒకరికి తెలియాలి కదా! చిక్కంతా ఇక్కడే ఉన్నది. పూర్వం పల్లెలో ఒక్క వైద్యుడుండేవాడు. ఊరి బాధలన్నీ ఆయన అరుగు మీదికే వచ్చేవి. నేడు ఒకే విందులో భోంచేసిన ఇరవై కుటుంబాలు ఇరవై పేటలకు చేరుకుంటాయి. ఒకరు మందుల దుకాణంలో రెండు మాత్రలు కొంటారు, ఒకరు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకుంటారు, ఒకరు దానిమ్మ తొక్క కషాయం తాగి పడుకుంటారు. ప్రతివారికీ కనిపించేది తమ ఒక్క ఇంటి బాధ మాత్రమే. ఇరవై ముక్కలనూ ఒకచోట చేర్చే చెయ్యి లేకపోతే అది విడివిడిగా ఇరవై అజీర్తులే తప్ప ఒక ప్రమాదంగా రూపు కట్టదు.

మా వీధిలో ఒకసారి జరిగిన సంగతి చెబుతాను. ఒకే గృహప్రవేశానికి వెళ్లి వచ్చిన మూడు కుటుంబాలకు మరునాటికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పలకరించడానికి వెళితే ఒక ఇల్లాలు "ఎండన పడి వచ్చామండీ, వేడి చేసింది" అన్నది. రెండవ ఇంటి పెద్దాయన "నలుగురిలో కూర్చుని తిన్నాం, దిష్టి తగిలింది" అన్నారు. మూడవ ఇంటివారు "పిల్లవాడు మిఠాయి ఎక్కువ తిన్నాడు, అరగలేదు" అని తేల్చారు. మూడిళ్లవారూ ఒకరి సంగతి ఒకరు ఎరుగరు. వంట చేసి పంపినవారికి ఎవరూ ఒక్కమాట చెప్పలేదు. వారు ఆ వారంలోనే మరో రెండు శుభకార్యాలకు వంటలు పంపారు.

మౌనానికి కారణాలు

మనం ఎందుకు మాట్లాడం? మొదటిది మొగమాటం. పిలిచి అన్నం పెట్టినవారిని వేలెత్తి చూపడం మన సంస్కారానికి కష్టంగా తోస్తుంది. ఆడపిల్ల పెళ్లి విందులో వడ్డించినది చెడిందని చెబితే ఆ తండ్రి పరువేం కావాలి? రెండవది జాలి. బండి మీద ఇడ్లీలు అమ్ముకునే చిరువ్యాపారి పొట్ట కొట్టడం ఎందుకన్న ఆలోచన. మూడవది నిరాశ. చెబితే మాత్రం ఎవరు వింటారు, కాగితాలు, సంతకాలు, తిరుగుళ్లు తప్ప? 'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్న సామెతను మనవారు ఇక్కడ కూడా వర్తింపజేస్తారు.

ఈ కారణాలను నేను తేలికగా తీసివేయను. కాని కబురు చెప్పడమంటే నేరం మోపడం కాదు. ఆ పెళ్లికూతురి తండ్రి కూడా అదే అన్నం తిన్నాడు. ఆయన కూడా బాధితుడే. నీటి ట్యాంకులో లోపముందో, కొన్న పాలకోవాలో దోషముందో తెలిస్తే ఆయన మీది నింద కూడా తొలగుతుంది. చిరువ్యాపారికి సరకు అమ్మిన పెద్ద వ్యాపారి దగ్గరే కల్తీ ఉండవచ్చు. ఈ విషయంలో మాత్రం దాచిన గుట్టే ఊరికి చేటు.

కబురు కాపాడిన సందర్భాలు

సుశ్రుతసంహిత కల్పస్థానపు మొదటి అధ్యాయం రాజుగారి వంటశాలను విషం నుంచి కాపాడే విధానాన్ని చెబుతుంది. విషాన్నం మీద వాలిన ఈగలు చస్తాయనీ, పక్షులలో వికారాలు కనిపిస్తాయనీ అందులో ఉన్నది. ఇవి పాతకాలపు మాటలని నవ్వేవారు 1974లో జరిగిన ఒక విషాదాన్ని తెలుసుకోవాలి.

ఆ సంవత్సరం అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్నను రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజనులు నిల్వ చేసుకొని తిన్నారు. కొద్ది వారాలలో పచ్చకామెర్లు, పొట్టలో నీరు చేరడం వంటి లక్షణాలతో సుమారు 400 మంది అస్వస్థులయ్యారు. వారిలో 106 మంది మరణించారు. చూడగానే అంటు కామెర్లని అనిపించే జబ్బు. కాని ఆ గ్రామాలవారు చెప్పిన ఒక మాట దారి చూపింది. తమతో పాటు తమ ఇంటి కుక్కలు కూడా అవే లక్షణాలతో చచ్చిపోతున్నాయని వారు చెప్పారు. మనిషీ కుక్కా పంచుకున్నది ఏమిటి? మొక్కజొన్న తిండి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి, బూజు పట్టిన గింజలలోని అఫ్లాటాక్సిన్ అనే విషమే దీనికి కారణమని నిరూపించారు. చదువు రాని పల్లెవారి పరిశీలన ప్రయోగశాలకు తోవ చూపించిందన్నమాట.

1993 జనవరిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మరొక సంఘటన జరిగింది. నెత్తుటి విరేచనాలతో, మూత్రపిండాలు దెబ్బతిని వస్తున్న పిల్లల సంఖ్య ఎక్కువగా ఉందని గమనించిన ఒక వైద్యుడు 13వ తేదీన ఆరోగ్యశాఖకు తెలియజేశాడు. ఇ.కోలై ఓ157 అనే సూక్ష్మజీవి సోకితే తెలపాలన్న నిబంధన ఆ రాష్ట్రంలో అప్పటికే ఉన్నది. ఐదు రోజులలో, 18వ తేదీకల్లా, అనేక శాఖలున్న ఒక ఫలహారశాల సంస్థ అమ్మిన సరిగా ఉడకని మాంసపు బిళ్లలే మూలమని గుర్తించి సరకును వెనక్కి రప్పించారు. రెండు లక్షల డెబ్బై వేలకు పైగా బిళ్లలు ఎవరి కడుపులోకీ పోకుండా ఆగిపోయాయి. అయినా మొత్తం మీద నాలుగు రాష్ట్రాలలో ఏడువందల మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు మరణించారు. ఇక్కడ గమనించదగ్గది ఒకటుంది. అదే మాంసం వల్ల కాలిఫోర్నియాలో అంతకుముందు నుంచే కొందరు జబ్బుపడ్డారు. కాని అక్కడ ఆ ముక్కలను కలిపినవారు లేరు.

మన దగ్గరకు వస్తే, 2024 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిన్న పలువురు ఆస్పత్రుల పాలయ్యారు. ఒక మహిళ మరణించింది. ఆమె కుటుంబం ఫిర్యాదు చేయడంతో విషయం వెలుగులోకి వచ్చింది. ఆ నెల 30 నుంచి పచ్చిగుడ్లతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఒక సంవత్సరం పాటు నిషేధించింది. తనిఖీలలో గమనించిన విషయాలతో పాటు ప్రజల నుంచి అందిన ఫిర్యాదులు కూడా ఈ నిర్ణయానికి ఆధారమని ఆ ఉత్తర్వులోనే పేర్కొన్నారు. ఫిర్యాదు చెత్తబుట్టకే పోతుందనుకునేవారు ఈ మాటను జ్ఞాపకం ఉంచుకోవాలి.

మెంతి మొలకల కథ

మన పత్రిక పాఠకులకు మెంతులు ప్రాణసమానం. మధుమేహానికి మెంతులు, తలవెంట్రుకలకు మెంతులు, బాలింతకు మెంతులు. అందుచేత 2011లో జర్మనీలో జరిగినది ప్రత్యేకించి చెప్పవలసి ఉన్నది.

ఆ సంవత్సరం మే నెలలో హాంబర్గ్ నగరంలో ముగ్గురు పిల్లలు మూత్రపిండాల జబ్బుతో ఆస్పత్రిలో చేరారు. ఆ ముగ్గురి కబురు 19వ తేదీన ఆ దేశపు ఆరోగ్య పరిశోధన సంస్థకు చేరింది. అప్పటికే ఇ.కోలైలో మరొక భయంకరమైన రకం జనంలో వ్యాపిస్తున్నది. చివరకు లెక్క తేలేసరికి 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా మరణించారు.

మొదట అనుమానం పచ్చి కూరల మీదికి పోయింది. స్పెయిన్ నుంచి వచ్చిన దోసకాయలే కారణమని హాంబర్గ్ అధికారులు మే 26న ప్రకటించారు. అది పొరపాటని తరువాత తేలింది. ఈలోగా స్పెయిన్ రైతుల పంట తోటల్లోనే కుళ్లిపోయింది. నష్టపోయిన ఐరోపా కూరగాయల రైతులకు 21 కోట్ల యూరోల పరిహారం ఇవ్వవలసి వచ్చింది.

అసలు కారణం దొరకకపోవడానికి హేతువు మనుషుల మరపు. సలాడ్ తిన్నామని రోగులు చెప్పారు గాని, దాని మీద చల్లిన మొలకల సంగతి నాలుగింట ఒక వంతు మందికే గుర్తున్నది. అప్పుడు పరిశోధకులు ఒక ఉపాయం పన్నారు. ఒకే భోజనశాలలో తిన్న బృందాలను ఎంచుకొని, వారు తెప్పించుకున్న వంటకాల వివరాలు, బిల్లులు సేకరించి, ఏ వంటకంలో ఏమేమి వేశారో వంటవారినే అడిగారు. జబ్బుపడిన ప్రతి ఒక్కరి పళ్లెంలోనూ మొలకలు ఉన్నట్లు తేలింది. జూన్ 10న మొలకలు తినవద్దని ప్రకటన వెలువడింది. ఆ నెలలోనే ఫ్రాన్స్‌లోని బోర్డో సమీపంలో మరికొందరు జబ్బుపడగా, రెండు చోట్లకూ ఉమ్మడిగా ఉన్నది ఈజిప్టు నుంచి దిగుమతి అయిన మెంతి గింజలని తేలింది.

ఈ కథలో నాకు రెండు నీతులు కనిపిస్తున్నాయి. తిన్నది గుర్తుంచుకొని చెప్పినవారి మాటకు ఎనలేని విలువ ఉన్నది. అట్లాగే తొందరపడి ఒకరిని దోషిగా చాటడం కూడా ఒక హింసే. అందువలన కబురు చేరవలసింది విచారించగల అధికారికి. వీధి వీధికీ కాదు. (మెంతులు మానవలసిన అవసరం లేదు. పోపులో వేగినవి, ఉడికినవి నిరపాయం. పచ్చి మొలకలను మాత్రం గర్భిణులు, పసివారు, వృద్ధులు ఉడికించి తినడం మేలు.)

ఆఖరి ముద్దే దోషి కాదు

వాంతి కాగానే అంతకుముందు తిన్నదాని మీద నెపం వేయడం మన అలవాటు. ఇది అన్ని వేళలా నిజం కాదు. మిఠాయిలు, పాల పదార్థాలలో స్టెఫిలోకోకస్ అనే సూక్ష్మజీవి విడిచిన విషమైతే అరగంట మొదలు 8 గంటలలోపు వాంతులు వస్తాయి. పైగా ఈ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండి గంటల తరబడి బయట ఉంచిన అన్నంలో బాసిల్లస్ జాతి పుట్టించే విషం కూడా దాదాపు ఇంతే త్వరగా పనిచేస్తుంది. గుడ్లు, మాంసం ద్వారా వచ్చే సాల్మొనెల్లాకు 6 గంటల నుంచి 6 రోజులు పట్టవచ్చు. ఇ.కోలై ఓ157కు సాధారణంగా మూడు, నాలుగు రోజులు. కలుషితమైన నీటి వలన, ఆహారం వలన వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లకు 15 నుంచి 50 రోజులు. ఈ లెక్కలు ఒక్క ఇంటివారికి ఉపయోగపడవు. పదిళ్ల వివరాలు ఒకచోట చేరినప్పుడే ఏ పూట, ఏ పదార్థమన్నది బయటపడుతుంది.

ఉదాహరణకు, ఒక విందుకు 200 మంది వచ్చారనుకోండి. పాయసం తిన్న 80 మందిలో 40 మంది జబ్బుపడి, తినని 120 మందిలో ముగ్గురే జబ్బుపడితే అనుమానం పాయసం మీదికి పోతుంది. ఈ లెక్క తేలాలంటే జబ్బుపడినవారే కాదు, హాయిగా ఉన్నవారు కూడా తాము తిన్నదేమిటో, తిననిదేమిటో చెప్పాలి.

ఎవరు చేయవలసింది వారు

గృహస్థులకు నా మనవి ఇది. ఒకేచోట తిన్నవారిలో ఇద్దరికి, అంతకు మించినవారికి జబ్బు చేస్తే మౌనంగా ఉండకండి. గత మూడు, నాలుగు రోజులలో తిన్న పదార్థాలు, తిన్న చోటు, బాధ మొదలైన గంట ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. బిల్లు, ప్యాకెట్టు కవరు, మిగిలిన పదార్థం పారవేయవద్దు. మిగిలినదాన్ని శుభ్రమైన గిన్నెలో మూత పెట్టి, ఎవరూ తినకుండా గుర్తు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పల్లెలో ఆశా కార్యకర్తకు గాని, ఏ.ఎన్.ఎం.కు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని చెప్పండి. పట్టణంలో పురపాలక సంఘపు ఆరోగ్య విభాగానికి, ఆహార భద్రతా అధికారికి చెప్పండి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ.కు 1800112100 అనే ఉచిత టెలిఫోన్ నంబరు కూడా ఉన్నది.

చికిత్స మాట కూడా మరువరాదు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా ఇవ్వండి. పసివారికి లంఖణం పెట్టకండి, తల్లిపాలు ఆపకండి. విరేచనంలో నెత్తురు, తీవ్ర జ్వరం, మూత్రం రాకపోవడం, మగత, చూపు మసకబారడం కనిపిస్తే ఏ చిట్కా కోసమూ కాచుకోక ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

వైద్య సోదరులకు, అల్లోపతివారైనా ఆయుర్వేదులైనా, మరొక మనవి. మందు రాసిన చేత్తోనే "ఎక్కడ తిన్నారు, ఇంకెవరికైనా ఇట్లా ఉందా?" అని రెండు ప్రశ్నలు అడగండి. 2006 నాటి ఆహార భద్రత చట్టం 35వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత ప్రాంతాల్లోని వైద్యులు విషాహార సంఘటనలన్నీ తెలియజేయాలని ప్రకటన ద్వారా ఆదేశించే అధికారం ఆహార సంస్థకు ఉన్నది. ఆదేశం వచ్చేదాకా ఆగడమెందుకు? 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా పథకం కింద ఆరోగ్య కార్యకర్తలు లక్షణాలను బట్టి, వైద్యులు రోగ నిర్ధారణను బట్టి, ప్రయోగశాలలు పరీక్షను బట్టి వివరాలు పంపే ఏర్పాటు ఉన్నది. కాని ఆ ఏర్పాటు ఇంటింటి తలుపు తట్టి మన కడుపులోని మాట లాగలేదు. మనం నోరు విప్పితేనే అది పనిచేస్తుంది.

ప్రభుత్వానికి కూడా బాధ్యత ఉన్నది. ఫిర్యాదు చేసినవారిని పదిసార్లు తిప్పకుండా, వారి పేరు బయట పెట్టకుండా, విచారణలో ఏం తేలిందో వారికి తిరిగి చెప్పాలి. జవాబు రాని ఉత్తరం రెండోసారి ఎవరూ రాయరు. చిరువ్యాపారిని జరిమానాతో బెదిరించడం కంటే అతనికి మంచినీరు, మూతగల పాత్రలు, శుభ్రతలో శిక్షణ ఇవ్వడం ముందు జరగాలి. శిక్ష భయం ఒక్కటే ఉన్నచోట చెడిన ఆహారం దాగుతుంది గాని పోదు.

కలుషితాహారం వల్ల ఏటా 60 కోట్లమంది జబ్బుపడుతున్నారని, 4 లక్షల 20 వేలమంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. ఆ మృతులలో లక్షా 25 వేలమంది ఐదేళ్లలోపు పసివారు. పెద్దవాడిని ఒకపూట మంచాన పడవేసే అన్నమే పసిబిడ్డ ప్రాణం తీయగలదు. మనకు రెండు విరేచనాలతో పోయిన దోషం మరొకరింట కన్నీరు కాకూడదు. వంటింటి చిట్కా మన బాధను తీరుస్తుంది. ఆ తరువాత చెప్పే నాలుగు మాటలు మనం ఎన్నడూ చూడని పసివానికి రక్ష అవుతాయి. ఆ నాలుగు మాటలు చెప్పడం గృహస్థధర్మంలో భాగమని నేను నమ్ముతున్నాను.